అటక దిగిన చిత్రిక

వడ్రంగం నేర్చుకుందామని సరదా పుట్టినవాళ్లు ముందు కొనేది మిషన్. కొన్నాళ్లయ్యాక వెతికేది ఉలి. ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజున చెక్కపని పెట్టుకునేవాళ్లలో ఎవరిని కదిలించినా దాదాపు ఇదే కథ చెబుతారు. కరెంటు రంపం, కరెంటు చిత్రిక, కరెంటు బర్మా... అన్నీ కొంటారు. ఇల్లంతా పొట్టు చేస్తారు. పక్కింటివాళ్లతో మాటలు పడతారు. చివరికి ఓరోజు ‘ఇవేవీ లేకుండా మా తాతల కాలంలో ఆ తలుపులూ మంచాలూ ఎలా చేశారబ్బా’ అని ఆలోచనలో పడతారు. ఆ ఆలోచన వచ్చిందా... ఇక ఆ మనిషి పాత ఇనపసామాను కొట్ల చుట్టూ తిరగడం మొదలైందన్నమాటే!

మా బావగారు అచ్చంగా అలాంటి మనిషి. బ్యాంకు ఉద్యోగం, హైదరాబాద్‌లో అయిదో అంతస్తులో ఫ్లాట్. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లో కూర్చోలేక పిల్లాడికి ఓ పుస్తకాల అర చేద్దామని మొదలుపెట్టారు. అర అయ్యింది. దాంతోపాటు పిచ్చీ పట్టుకుంది. ఆర్నెల్లు తిరిగేసరికి బాల్కనీలో నాలుగు మిషన్లు చేరాయి. మా అక్క ఆరేసిన బట్టల మీద చెక్కపిండి. కింది ఫ్లాట్‌లో పసిబిడ్డ నిద్రలేచి ఏడుపు. అసోసియేషన్ మీటింగులో ‘ఆదివారం పది దాటేదాకా ఆ మిషన్ పెట్టకండి సార్’ అని మర్యాదగానే చెప్పారు. ఆ మర్యాదే ఆయన్ని చేతి పనిముట్ల వైపు మళ్లించింది.

మొదట్లో అది సర్దుబాటు. తర్వాత ఇష్టం. ఇప్పుడు మిషన్లు అటకెక్కాయి. పాత చిత్రిక ఒకటి అటక దిగింది.

పేరు ఏదైనా పని ఒకటే

చిత్రిక అంటే చెక్కని నున్నగా చేసే పనిముట్టని అందరికీ తెలిసిందే. కొన్నిచోట్ల తోపడా అంటారు. ఉర్దూ మాట కలిసిన ప్రాంతాల్లో రందా అంటారు. పేరు ఏదైనా ఉండేవి మూడు ముఖ్యమైన భాగాలే. కింద సమంగా ఉండే దిమ్మ. దానిలో ఏటవాలుగా కూర్చున్న ఉక్కు బ్లేడు. అది కదలకుండా పట్టుకునే బిగింపు. దిమ్మ సమంగా ఉండబట్టే చెక్కలో ఎత్తుగా ఉన్నచోట మాత్రమే బ్లేడు తగులుతుంది. పల్లంగా ఉన్నచోట తగలదు. అలా నాలుగైదుసార్లు నడిపేసరికి ఎగుడుదిగుళ్లన్నీ పోయి చెక్క ఒక మట్టానికి వస్తుంది. బాడిస చేసేది వేరే పని. దుంగమీదా మొద్దుమీదా అక్కర్లేని భాగాన్ని గబగబా తెంపి ఆకారం తెస్తుంది. తర్వాతి వంతు రంపానిది. బెజ్జాలు కొట్టడానికి ఉలి, దాన్ని కొట్టడానికి కొయ్య సుత్తి, మూల సరిగా ఉందో లేదో చూడటానికి మూలమట్టం, రంధ్రం పెట్టడానికి బర్మా. పాతకాలపు వడ్రంగి సంచిలో ఇంతకన్నా పెద్దగా ఉండేవి కావు. వాటితోనే నాగలి నుంచి పెళ్లిమంచం దాకా అన్నీ చేశాడు.

‘ఇనప చిత్రికలు ఇంగ్లిషువాళ్లు తెచ్చారటగా’ అని అడుగుతారు కొందరు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఇనప చిత్రిక రూపం నిజానికి అమెరికాది. లియోనార్డ్ బెయిలీ అనే ఆయన 19వ శతాబ్దంలో దానికి పేటెంట్లు తీసుకున్నాడు. స్టాన్లీ కంపెనీ 1869లో ఆ హక్కులు కొనుక్కుంది. వెనకాల ఇత్తడి చక్రం తిప్పితే బ్లేడు వెంట్రుకవాసి కిందికి దిగే ఏర్పాటు అందులోదే. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఇనప చిత్రికల్లో చాలావాటికి అదే నమూనా. కొయ్య దిమ్మ చిత్రికలు మాత్రం అంతకు ఎంతో ముందునుంచీ ఉన్నాయి. వాటిలో బ్లేడు దించాలంటే చక్రం ఉండదు. వెనక నుంచి చిన్న దెబ్బ వెయ్యాలి. ఎంత దెబ్బ అన్నది చెవికీ చేతికీ తెలియాలి.

జపాన్‌వాళ్లది ఇంకో పద్ధతి. మనం చిత్రికని ముందుకి తోస్తాం. వాళ్లు తమ వైపు లాగుతారు. వాళ్ల రంపం కూడా లాగేటప్పుడే కోస్తుంది. లాగే రంపానికి రేకు పల్చగా ఉన్నా ఫర్వాలేదు, వంగిపోదు. తోసే రంపానికి కాస్త మందం కావాలి. మన దేశంలోనూ పాతకాలపు చేతిరంపాలకు పళ్లు పిడివైపు తిరిగి ఉండేవి. కారణం ఊహించడం కష్టం కాదు. నేలమీద కూర్చుని, చెక్కని కాలితో తొక్కిపట్టి కోసేవాడికి లాగడమే సుఖం. బల్లముందు నిలబడి కోసేవాడికి తోయడం సుఖం. పనిముట్టు ఎలా ఉందన్నది మనిషి ఎలా కూర్చున్నాడన్న దాన్నిబట్టి ఉంటుందన్నమాట.

రెండ్రోజులు సాన... మూడోరోజు చెక్క

ఇక మా బావగారి కథకి వద్దాం. కొత్త ఉలి కొన్నారు. చెక్కమీద పెట్టి కొడితే తెగడం లేదు, నలుగుతోంది. ఇంకో కంపెనీది కొన్నారు. అదీ అంతే. ‘ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వ్యవహారం’ అని మా అక్క నవ్వింది. పండక్కి తెనాలి దగ్గర వాళ్ల ఊరు వెళ్లినప్పుడు, చిన్నప్పుడు తనకి బొంగరాలు చేసిపెట్టిన వడ్రంగి ఇంటికి వెళ్లారు. ఆ పెద్దాయనకి డెబ్బయి దాటాయి. చూపు మందగించింది కానీ చెయ్యి మందగించలేదు.

‘బాబాయ్, మీ పనిముట్లు నాకు అమ్ముతారా?’ అని నేరుగా అడిగేశారట మా బావగారు.

‘కొని ఏం చేస్తావబ్బాయ్? గోడకి తగిలిస్తావా?’

‘లేదు బాబాయ్, పని చేసుకుంటాను.’

‘అయితే పనిముట్లు తర్వాత. నీ ఉలి ఏదీ, ఇట్టా పట్రా’ అని తీసుకుని, అంచుమీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూసి, ‘ఇది ఇంకా ఉలి కాలేదు. ఇనపముక్కే’ అన్నారట.

కొత్త ఉలిని షాపులో కొన్నది కొన్నట్టు వాడటానికి లేదన్న సంగతి చాలామందికి తెలియదు. కంపెనీ దానికి ఆకారం ఇస్తుంది, పదును కాదు. పదును అంటే ఏమిటి? రెండు నున్నటి తలాలు ఒక గీతమీద కలుసుకోవడం. అందుకే ముందు ఉలి వీపుని సానరాయిమీద పరిచి అద్దంలా నున్నగా చెయ్యాలి. తర్వాత ఏటవాలు వైపు. సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీల వాలు ఉంటుంది. మెత్తటి చెక్కని చేత్తో తోసి చెక్కడానికి 25 చాలు. టేకు, తుమ్మలాంటి గట్టి చెక్కలో సుత్తితో కొట్టి బెజ్జం చెయ్యాలంటే 30 ఉంటేనే అంచు నిలబడుతుంది. మరీ సన్నం చేస్తే అంచు ఊడిపోతుంది. మరీ మొద్దు చేస్తే తెగదు.

గరుకు రాయిమీద రుద్దుతూ ఉంటే కాసేపటికి అంచు వెనక్కి సన్నటి పొర తిరుగుతుంది. కంటికి కనిపించదు, వేలికి తగులుతుంది. ఆ పొర ఈ చివరినుంచి ఆ చివరిదాకా వచ్చిందంటే రెండు తలాలూ కలిసినట్టు లెక్క. అప్పుడు నున్నటి రాయి. చివర్లో తోలుపట్టీమీద నాలుగు లాగులు. పదునైందో లేదో చూడటానికి చేతిమీద వెంట్రుకలు గీసుకోనక్కర్లేదు. మెత్తటి చెక్కముక్కని తీసుకుని దాని అడ్డకోత ముఖాన్ని ఉలితో పల్చగా చెక్కి చూడాలి. పదునుంటే ఆ చోటు మైనం కోసినట్టు నిగనిగలాడుతుంది. లేదంటే నార చితికి తెల్లగా పాలిపోతుంది.

రెండ్రోజులు ఆ పెద్దాయన మా బావగారితో చేయించిన పని ఇదొక్కటే. చెక్క ముట్టనివ్వలేదు. మూడోరోజు పొద్దున వేపచెక్క ముక్క ఒకటి ముందు పెట్టి ‘ఇప్పుడు కొట్టు’ అన్నారట. ‘నాలుగు దెబ్బలకి బెజ్జం దిగిపోయింది. బ్యాంకులో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు’ అంటారు మా బావగారు.

పిల్లి వీపు నిమిరినట్టు

చేతిపనిలో రెండో పాఠం నార. చెక్కలో నార ఎటు వాలి ఉందో చూసుకుని చిత్రిక నడపాలి. పిల్లి వీపు తలనుంచి తోకవైపు నిమిరితే నున్నగా ఉంటుంది. ఎదురు నిమిరితే వెంట్రుకలు లేస్తాయి. చెక్కా అంతే. ఎదురు నారకి వెళితే పెళ్లలు లేచిపోతాయి. మిషన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి ఈ తేడాని కొంత కప్పేస్తుంది. చేతి చిత్రిక కప్పదు. ఎదురు నడిపిన మరుక్షణం చేతికి తెలిసిపోతుంది, చెవికి వినిపిస్తుంది. సవ్యంగా వెళుతుంటే సరసరమని ఉల్లిపొరలాంటి చుట్టలు వస్తాయి. ఎదురైతే టకటకా కొట్టుకుంటుంది. ‘మిషన్‌తో రెండేళ్లు పనిచేసినా నాకు చెక్క గురించి ఏమీ తెలియలేదు. చిత్రికతో రెండు నెలల్లో తెలిసింది’ అనే మాట ఈ దారి పట్టిన చాలామంది నోట వినిపించడానికి కారణం ఇదే.

మూడో పాఠం... చెక్క కదులుతుంది. వానాకాలం తలుపు పట్టేయడం, వేసవిలో మళ్లీ వదులవడం మనిళ్లలో ఏటా చూసేదే. చెక్క గాలిలోని తేమని పీల్చుకుని వెడల్పులో ఉబ్బుతుంది. ఎండితే ముడుచుకుంటుంది. పొడవులో మాత్రం పెద్దగా మారదు. ఈ సంగతి తెలిసే పాతకాలం వడ్రంగులు తలుపు చట్రాన్ని కుసి-బెజ్జంతో బిగించేవాళ్లు. మధ్యలో పలకని మాత్రం గాడిలో వదులుగా కూర్చోబెట్టేవాళ్లు. దానికి జిగురూ లేదు, మేకూ లేదు. పలక తన ఇష్టం వచ్చినట్టు ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. తలుపు మాత్రం చెక్కుచెదరదు. తాతలనాటి టేకు తలుపు మీ ఇంట్లో ఉంటే ఓసారి దగ్గరగా చూడండి. కుసి ఊడకుండా కొట్టిన చీల చాలాసార్లు ఇనపది కాదు, వెదురుదో గట్టి కర్రదో అయి ఉంటుంది. ఇనప మేకు తుప్పు పట్టి చుట్టూ చెక్కని తినేస్తుంది. కర్ర చీల చెక్కతోపాటే బతుకుతుంది.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పుకోవాలి. కరెంటు రంపం, రౌటర్‌లాంటివి తేలిగ్గా 90 డెసిబుల్స్ దాటే శబ్దం చేస్తాయి. 85 దాటిన శబ్దంలో రోజూ గంటలకొద్దీ ఉంటే వినికిడి దెబ్బతింటుంది. ఇక మిషన్లూ శాండ్‌పేపరూ లేపే మెత్తటి చెక్కపిండి ఇంకా ప్రమాదం. కలప ధూళి మనుషుల్లో కేన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకి. చిత్రిక పట్టినప్పుడు వచ్చేది పిండి కాదు, చుట్టలు. ఊడ్చేస్తే పోతాయి. అలాగని చేతి పనిముట్లు నిరపాయం అనుకోవద్దు. ఉలి ముందు ఎప్పుడూ రెండో చెయ్యి పెట్టకూడదు. మొద్దుబారిన ఉలి మరీ ప్రమాదం. తెగడంలేదని బలం పెడతాం, జారితే చేతిలోకే.

పాండిచ్చేరి నుంచి పెన్సిల్వేనియా దాకా

ఈ మోజు మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరెంటు పనిముట్లు ఇంటింటికీ చేరాయి. చేతి పనిముట్లు మూలపడ్డాయి. అలాంటి రోజుల్లో, 1979లో, రాయ్ అండర్‌హిల్ అనే ఆయన ‘ది వుడ్‌రైట్స్ షాప్’ అనే టీవీ కార్యక్రమం మొదలుపెట్టారు. గొడ్డలి, బాడిస, కాలితో తొక్కే తరిమెన... కరెంటు ఊసే లేదు. ఆ కార్యక్రమం 2017 దాకా నడిచింది. 1981లో థామస్ లీ-నీల్సన్ మెయిన్ రాష్ట్రంలో పాత నమూనాల చిత్రికల్ని మంచి లోహంతో మళ్లీ చేయడం మొదలుపెట్టారు. మోజు పడేవాళ్లు ఎందరున్నారో అప్పుడే తెలిసొచ్చింది. ఇప్పుడు అక్కడ పాత చిత్రిక దొరికితే తుప్పు వదిలించి వాడుకోవడమే పెద్ద హాబీ.

ఇంతకన్నా మనకి దగ్గరి కథ జార్జ్ నకషిమాది. 1905లో అమెరికాలో పుట్టిన జపనీయుడు. చదివింది ఆర్కిటెక్చర్. 1930ల్లో పాండిచ్చేరి వచ్చి అరవింద ఆశ్రమంలో ‘గోల్కొండె’ అనే వసతి భవనం కట్టే పనిలో ఉన్నారు. ఆ పేరు మన గోల్కొండదే. దాని నిర్మాణానికి నిజాం ప్రభుత్వం నుంచి విరాళం అందింది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆశ్రమంలో ఆయనకి సుందరానంద అని పేరు కూడా ఇచ్చారు. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న వాళ్లని శిబిరాల్లో పెట్టినప్పుడు నకషిమా కుటుంబాన్నీ 1942లో ఐడహోలోని మినిడోకా శిబిరానికి పంపింది. అక్కడే గెంటారో హికోగవా అనే జపాన్ వడ్రంగి తోడయ్యారు. ఆయన దగ్గర చేతి పనిముట్లు పట్టుకోవడం, ఓపిగ్గా అతుకులు కుదర్చడం నేర్చుకున్నారు. బయటికొచ్చాక పెన్సిల్వేనియాలో స్థిరపడి, 20వ శతాబ్దపు గొప్ప కొయ్యపనివాళ్లలో ఒకరిగా పేరు తెచ్చుకున్నారు. ఆర్కిటెక్ట్‌కి పని నేర్పింది కాలేజీ కాదు, ఓ వడ్రంగి. అదీ ముళ్లకంచె వెనక!

ఉక్కు మనది... సాన మనది

మన నేలమీద ఈ విద్యకి లోటెప్పుడూ లేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూస ఉక్కుకి పేరుపొందిన ఊరు. అక్కడి ఉక్కు పర్షియా దాకా వెళ్లేది. ఇంగ్లిషువాళ్లు వూట్జ్ అన్నది మన ‘ఉక్కు’ అన్న మాటనే అని చెబుతారు. ఆ కొలుములు ఆరిపోయాక ఊరి కమ్మరులు వేరే దారి కనిపెట్టారు. లారీ కమాను పట్టీ. పాతబడ్డ పట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఉలిగానో బాడిసగానో మార్చి, నీళ్లలోనో నూనెలోనో ముంచి గట్టిపరిచేవారు. స్ప్రింగు ఉక్కులో ఉండే కార్బన్ పదునుని బాగానే నిలబెడుతుంది. ఊళ్లో చేసిన అలాంటి ఉలి ఇప్పటికీ షాపు ఉలికి తీసిపోదు.

చేతి పనిముట్లు ఇంకా బతికున్న చోట్లు కూడా ఉన్నాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. కుండ, దండి అన్నీ ఒకే చెక్కలో వచ్చేలా తొలిచే ఏకాండి వీణ వాళ్ల ప్రత్యేకత. కొండపల్లిలో తెల్లపొణికి, ఏటికొప్పాకలో అంకుడు కర్ర, నిర్మల్‌లో పొణికి. ఉదయగిరిలో గరిటెలూ చెంచాలూ. పెడనలో కలంకారీ అచ్చులకోసం టేకు దిమ్మలమీద సన్నటి ఉలితో పువ్వులు చెక్కేవాళ్లు. ఏటికొప్పాక లక్కబొమ్మలకి సహజ రంగులు తిరిగి తెచ్చిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ ఊళ్లకి పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు బొమ్మలు కొనుక్కుని వచ్చేస్తారు. ఈసారి వెళితే ఓ అరగంట కూర్చుని పనివాళ్ల చేతులు చూడండి. బొమ్మకన్నా అది ఎక్కువ గుర్తుంటుంది.

‘మాకు సోమవారం కూడా ఉంటుంది’

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఇప్పుడు. తెనాలి పెద్దాయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఆటో నడుపుతాడు. చిన్నవాడు హైదరాబాద్‌లోనే మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబులు చేస్తాడు. మంచి పనివాడు. మా బావగారు ఓరోజు అతన్ని ఇంటికి పిలిచి, తను చేత్తో కుదిర్చిన స్టూలు చూపించి ‘నాన్నగారి విద్య నువ్వెందుకు వదిలేశావయ్యా’ అని అడిగారు. అతను స్టూలుని తిప్పి చూసి, అతుకుమీద గోరు ఆడించి, ‘బాగా కుదిరింది అన్నా. ఎన్నాళ్లు పట్టింది?’ అన్నాడు.

‘మూడు ఆదివారాలు.’

‘అదే మరి. మీకు ఆదివారం సరదా. మాకు సోమవారం కూడా ఉంటుంది కదన్నా. నాకు చదరపు అడుగు లెక్కన ఇస్తారు. కుసి కొడుతూ కూర్చుంటే అద్దె ఎవరు కడతారు?’

మా బావగారి దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా తేలికైన జవాబు లేదు. ఒకప్పుడు వడ్రంగికి ఊరే ఉద్యోగం ఇచ్చింది. నాగలి, కాడి, మేడి, బండి... రైతుకి ఏది విరిగినా అతనే చూసేవాడు. పంట వచ్చాక కళ్లంలో మేర కొలిచి ఇచ్చేవారు. ట్రాక్టరు వచ్చాక నాగలి పోయింది. నాగలితోపాటు మేర పోయింది. ప్లైవుడ్ వచ్చాక ఇంటి పనీ మారిపోయింది. ప్లైవుడ్‌కి నార చూసుకునే పనిలేదు, అది చెక్కలా పెద్దగా ఉబ్బదు, దానికి మిషనే సులువు. చిన్నవాడు తండ్రి విద్యని వదల్లేదు. ఆ విద్యకి డబ్బిచ్చేవాళ్లు అతన్ని వదిలేశారు. కూటికోసం కోటి విద్యలన్నారు. కూడు పెట్టని విద్యని పట్టుకుని కూర్చోమనడానికి మనమెవరం?

మరి హాబీగాళ్ల ఇష్టం వల్ల ఆ విద్య నిలుస్తుందా? పనిముట్లు కొని గోడకి తగిలించుకుంటే నిలవదు. పాతసామాను వాళ్లు కిలో లెక్కన తూకం వేసి తీసుకెళ్లే బాడిసని మనం ఎక్కువ ధర పెట్టి కొన్నా అది వడ్రంగి ఇంట్లోంచి వెళ్లిపోయినట్టే. నిలబెట్టేది ఒక్కటే... పని. ఏడాదికి ఒక్క వస్తువైనా చేత్తో చేయించుకుని, చదరపు అడుగు లెక్కన కాకుండా రోజుకూలి లెక్కన డబ్బివ్వడం. పాత టేకు మంచం, పాత తలుపు అమ్మేసే బదులు బాగుచేయించుకోవడం. నేర్చుకోవాలనుకుంటే ఆ నేర్పినందుకు కూడా ఇవ్వడం. సంగీతం మాస్టారికి ఫీజు ఇస్తాం కదా, ఉలి మాస్టారికి ఎందుకివ్వం?

తెనాలి పెద్దాయన మొదట డబ్బు పుచ్చుకోవడానికి ఒప్పుకోలేదట. మా బావగారు ‘నాలాంటోళ్లు ఇంకో నలుగురు ఉన్నారు బాబాయ్, అందర్నీ తీసుకొస్తా, కానీ ఊరికే రాం’ అన్నారు. ఇప్పుడు రెండు నెలలకోసారి శని, ఆదివారాలు అయిదుగురు వెళుతున్నారు. అందులో ఒకావిడ కాలేజీ లెక్చరర్. ఆ చిన్నవాడు కూడా మొన్నోసారి వచ్చాడు. తండ్రి పక్కన కూర్చుని, చాన్నాళ్ల తర్వాత చిత్రిక పట్టాడట. ‘మాకన్నా వాడి చెయ్యే నున్నగా నడిచింది’ అన్నారు మా బావగారు. మళ్లీ సోమవారం పొద్దున్నే సైటుకి వెళ్లిపోయాడనుకోండి. కాకపోతే ఇద్దరు ముగ్గురు కస్టమర్లని ‘తలుపులు కుసి-బెజ్జంతో చేస్తాను, రోజుకూలి ఇస్తారా’ అని అడిగి చూస్తానన్నాడు. ఏమవుతుందో చూడాలి.

వడ్రంగి కుటుంబాలకి ఉపయోగపడే సంగతి మరొకటి. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతినాడు, కేంద్ర ప్రభుత్వం ‘పీఎం విశ్వకర్మ’ పథకం మొదలుపెట్టింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి... మొత్తం 18 వృత్తులవాళ్లకి అది వర్తించేలా రూపొందించారు. శిక్షణ కాలంలో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయలు, మొదట లక్ష, తర్వాత 2 లక్షల రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు అందులో ఉన్నాయి. మీకు తెలిసిన వృత్తిపనివారికి ఈ సంగతి చెప్పి, వివరాలు కనుక్కోవడంలో సాయపడండి.

మీరూ మొదలుపెడతారా?

పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. అన్నీ ఒకేసారి కొనకండి. ముప్పావు అంగుళం ఉలి ఒకటి, పావు అంగుళందొకటి. సన్నటి పళ్ల చేతిరంపం ఒకటి. మూలమట్టం. రెండు ముఖాల సానరాయి, ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు. చింత కర్రతోనో తుమ్మతోనో చేసిన కొయ్య సుత్తి. రెండు సి-క్లాంపులు. చిత్రిక ఆఖర్న. పాత చిత్రిక దొరికితే తుప్పు చూసి భయపడకండి. శాండ్‌పేపరు, కాస్త నూనె, ఒక సాయంత్రం చాలు. దిమ్మ పగిలిందేమో, అడుగు బాగా వంకర పోయిందేమో అన్నవి మాత్రం చూసుకోండి. ఆ రెండూ ఉంటే వదిలేయండి.

మొదటి పని కుర్చీ కాదు, మంచం కాదు. ఒక చెక్కముక్క తీసుకుని నాలుగు వైపులా సమంగా, మూలలు సరిగా వచ్చేలా చెయ్యండి. వినడానికి చిన్నదే, వారం పడుతుంది. తర్వాత ఒక కుసి, ఒక బెజ్జం. అది బిగుతుగా, చేత్తో తోస్తే దిగేలా కుదిరిందంటే మీకు చెక్కపని వచ్చేసినట్టే. వేప, మామిడి చెక్కలతో మొదలుపెట్టొచ్చు. పాత ఇళ్లు కూల్చినచోట టేకు ముక్కలు తక్కువలో దొరుకుతాయి. లోపల మేకులు ఉండిపోతాయి కాబట్టి ముందు అయస్కాంతంతో వెతకండి. లేదంటే రెండ్రోజులు పట్టిన పదును ఒక్క దెబ్బతో పోతుంది.

పిల్లలు పక్కన కూర్చుని చూస్తామంటే రానివ్వండి. పదేళ్ల పిల్లలకి ఉలి ఇవ్వనక్కర్లేదు. గీత గీయడం, మూలమట్టం పెట్టి చూడటం, చెక్కమీద నార ఎటు వాలిందో చెప్పడం వాళ్ల పని. వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఇవన్నీ కొనేముందు ఒక పని. ఈసారి సొంతూరు వెళ్లినప్పుడు, అక్కడ వడ్రంగం చేసిన పెద్దాయన ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. మీ ఇంటి గడప ఎవరు కుదిర్చారో మీ అమ్మగారికో నాన్నగారికో తెలిసే ఉంటుంది. వెళ్లి పలకరించండి. పనిముట్లు అమ్ముతారా అని అడగకండి. చేయించుకోవాల్సిన పని ఒకటి ఉందని చెప్పండి.